దిగ్బంధమా, ముట్టడా, ఆంక్షలా: ఏ మాట ఎక్కడ వాడాలి

ఆ పోస్టుకార్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది. 1997 నవంబరులో హైదరాబాద్‌లోని సైనిక్‌పురి నుంచి వచ్చింది. అప్పటికి నేను ఒక తెలుగు దినపత్రికలో అంతర్జాతీయ పేజీ చూడ్డం మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదు. ఒక రాత్రి డ్యూటీలో వార్తా ఏజెన్సీ నుంచి క్యూబా వార్త వచ్చింది. అమెరికా తమ మీద పెట్టిన వాణిజ్య నిషేధం ఎత్తేయాలని క్యూబా ఐక్యరాజ్యసమితిలో ఏటా తీర్మానం పెడుతుంది, 1992 నుంచి అది ఏటా నెగ్గుతూనే ఉంది. నేను హడావుడిగా ‘క్యూబాపై దిగ్బంధం ఎత్తివేయాలి: ఐరాస’ అని హెడ్డింగ్ పెట్టి పేజీ పంపించేశాను.

నాలుగు రోజులకి కార్డు వచ్చింది. నీలం సిరా, గుండ్రటి అక్షరాలు. ‘సబ్ ఎడిటర్ గారికి నమస్కారం. ఆంక్ష కాగితం మీద ఉంటుంది. దిగ్బంధం నీళ్ల మీద ఉంటుంది. 1971లో నేను నీళ్ల మీద ఉన్నాను, కాబట్టి తేడా తెలుసు.’ అంతే. కింద సంతకం, అడ్రసు.

సిగ్గేసింది. ఆ ఆదివారమే బస్సెక్కి సైనిక్‌పురి వెళ్లాను. నేవీలో పనిచేసి రిటైరైన పెద్దాయన, 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో ఓడ మీద ఉన్నారు. నన్ను చూసి నవ్వి, ‘తిట్టడానికి రాయలేదమ్మా, కూర్చో’ అన్నారు. వాళ్లావిడ టీ, ఉస్మానియా బిస్కెట్లు తెచ్చిపెట్టింది. ఆయన టీ కప్పుని బల్ల మధ్యలోకి జరిపారు. ‘ఇది చిట్టగాంగ్ రేవు అనుకో.’ నాలుగు బిస్కెట్లు తీసి కప్పుకి జానెడు దూరంలో అర్ధచంద్రంలా పేర్చారు. ‘ఇవి మన ఓడలు. ఒక్కటైనా కప్పుని ముట్టుకుందా? లేదు. కానీ కప్పులోకి చక్కెర పోవాలన్నా, కప్పులోంచి టీ బయటికి రావాలన్నా వీటిని దాటాలి. ఇదీ దిగ్బంధం.’ తర్వాత బిస్కెట్లన్నీ కప్పుకి ఆనించారు. ‘ఇప్పుడు ముట్టింది. ఇది ముట్టడి.’ చివరికి ఒక బిస్కెట్ తీసి టీలో ముంచుకుని తినేసి, ‘దారి తెరుచుకుంది చూశావా, దిగ్బంధం ఛేదన’ అన్నారు.

పాతికేళ్లకు పైగా డెస్క్ మీద కూర్చుని, తర్వాత కొత్తగా చేరిన పిల్లలకి అనువాదం నేర్పినదాన్ని. ‘మేడమ్, బ్లాకేడ్‌కి ఏం రాయాలి?’ అని అడిగితే ఆ కప్పూ బిస్కెట్లే చెప్పేదాన్ని. వార్తలు రాసేవాళ్లకీ, వ్యాసాలు రాసే విద్యార్థులకీ, సర్వీస్ కమిషన్ పరీక్షలకి చదివేవాళ్లకీ పనికొస్తుందని అదే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మాట సంగతి

దిక్ + బంధం = దిగ్బంధం. దిక్కుల్ని కట్టేయడం. ఇది యుద్ధం నుంచి పుట్టిన మాట కాదు, పూజగది నుంచి వచ్చింది. లలితా సహస్రనామమో విష్ణు సహస్రనామమో పుస్తకం చూసి చదివే ఇళ్లలో ఈ మాట రోజూ వినపడుతుంది. న్యాసం (జపానికి ముందు మంత్రం చెబుతూ ఒంటిని తాకడం) చివర ‘భూర్భువస్సువరోమితి దిగ్బంధః’ అంటారు. జపం చేసేవాడి చుట్టూ దిక్కులన్నీ కట్టేసి, బయటి నుంచి ఏ చెడూ లోపలికి రాకుండా చేసుకోవడం అన్నమాట. జపం అయ్యాక ‘దిగ్విమోకః’ అంటారు, కట్టిన దిక్కుల్ని విప్పేయడం. మా అమ్మ విమోకం చెప్పకుండా లేచేది కాదు. కట్టినవాళ్లే విప్పాలనేది.

పూజలో దిగ్బంధం లోపల ఉన్నవాడికి రక్షణ. యుద్ధంలో అదే మాట లోపల ఉన్నవాడికి ఉరి. కట్టేది ఎవరు, కట్టేది ఎవరి కోసం అన్నదాన్ని బట్టి అర్థం తిరగబడింది. ‘ముఖ్యమంత్రి పర్యటనకు అష్టదిగ్బంధం’ అని పేపర్లో వస్తే అది భద్రత. ‘స్థావరాన్ని అష్టదిగ్బంధం చేసిన బలగాలు’ అంటే లోపలివాళ్లకి మూడినట్టే. తెలుగు చదివేవాళ్లు ఈ తేడా అడక్కుండానే పట్టుకుంటారు.

స్పెల్లింగ్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే నూటికి సగం మంది తప్పు రాస్తారు. దిగ్బంధంలో ‘బ’ మామూలు బ. ‘దిగ్భంధం’ అని ఒత్తు బ పెట్టకండి. దిగ్భ్రాంతిలో ‘భ’ ఉంది కదా, చెయ్యి అలవాటుగా ఇక్కడా అదే పెట్టేస్తుంది. భ్రాంతికి ఒత్తు ఉంది, బంధానికి లేదు. దిగ్బంధం అన్నా దిగ్బంధనం అన్నా ఒకటే. వార్తలో పొట్టిది చాలు.

ముట్టడి మాత్రం అచ్చ తెలుగు. ముట్టు అన్న మాట అందులోనే కనిపిస్తోంది. వెళ్లి తాకాలి, గోడ దాకా పోవాలి. పెద్దాయన బిస్కెట్లు కప్పుకి ఆనించినప్పుడు ఏ నిఘంటువూ చూడలేదు గానీ మాట వేరు దాకా వెళ్లిపోయారు.

వార్త చేతికి వచ్చినప్పుడు అడగాల్సిన ప్రశ్నలు

మొదటి ప్రశ్న: అడ్డుకుంటున్నది చట్టమా, బలమా? ఒక దేశం ‘మా కంపెనీలు మీతో వ్యాపారం చేయవు’ అంటే అది ఆంక్ష, వాణిజ్య నిషేధం. మూడో దేశం ఓడ ఆ రేవుకి పోతుంటే ఎవరూ తుపాకీ పెట్టి ఆపరు. దిగ్బంధంలో ఎవరి ఓడైనా సరే, ఆపేస్తారు. ఐక్యరాజ్యసమితి నిబంధనావళి కూడా రెంటినీ విడదీసింది. 41వ అధికరణంలో ఆర్థిక సంబంధాల తెగతెంపులు ఉంటే, దిగ్బంధం అన్న మాట 42వ అధికరణంలో, సైనిక చర్యల వరసలో ఉంది. 1974లో సర్వప్రతినిధి సభ దురాక్రమణకి నిర్వచనం ఇచ్చినప్పుడు ఇంకో దేశం రేవుల్ని, తీరాల్ని సైన్యంతో దిగ్బంధం చేయడాన్ని కూడా అందులో చేర్చింది. అంటే మీరు ‘దిగ్బంధం’ అని రాశారంటే ఒక దేశం యుద్ధానికి దిగిందని రాసినట్టు. రాత్రి పన్నెండింటికి నిద్రమత్తులో పెట్టేసే మాట కాదు.

నా క్యూబా హెడ్డింగ్‌కి వస్తే, తర్వాత తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. అమెరికా దాన్ని నిషేధం అంటుంది. క్యూబా ప్రభుత్వం మాత్రం మొదటి నుంచీ స్పానిష్‌లో ‘బ్లోకేయో’ అంటోంది, అంటే దిగ్బంధమే. కాబట్టి క్యూబా నాయకుడి మాటల్ని కోట్‌లో పెడితే దిగ్బంధం అని రాయాలి, మన మాటగా రాస్తే వాణిజ్య నిషేధం అనాలి. ఈ సంగతి పెద్దాయనకి చెబితే కాసేపు ఆలోచించి, ‘వాళ్ల బాధ వాళ్లది, కోట్స్‌లో పెట్టుకో’ అన్నారు.

రెండో ప్రశ్న: అది నిజంగా జరుగుతోందా, ప్రకటన మాత్రమేనా? 1806లో నెపోలియన్ బెర్లిన్ నుంచి ఒక ఆజ్ఞ జారీ చేసి బ్రిటిష్ దీవులన్నీ దిగ్బంధంలో ఉన్నాయని ప్రకటించాడు. అంతకు ఏడాది ముందే ట్రఫాల్గర్‌లో అతని నౌకాదళం చితికిపోయింది. చుట్టుముట్టడానికి ఓడలెక్కడివి? ఇలాంటివాటిని కాగితం దిగ్బంధాలు అనేవారు. ఈ బడాయిలు భరించలేకే 1856 పారిస్ ప్రకటనలో ఒక సూత్రం పెట్టుకున్నారు: దిగ్బంధం చెల్లాలంటే అది వాస్తవంగా అమల్లో ఉండాలి, తీరానికి ఎవరూ చేరకుండా ఆపగల బలగం అక్కడ ఉండాలి. ఎవరో ఒక మంత్రి మైకు ముందు ‘ఆ జలసంధిని దిగ్బంధిస్తాం’ అంటే, మన హెడ్డింగ్‌లో ‘దిగ్బంధిస్తామని హెచ్చరిక’ అనే ఉండాలి. చుట్టూ ఓడలు నిలబడ్డాకే ‘దిగ్బంధం’.

మూడోది: అందరికీ ఒకే రూలా? నచ్చినవాళ్ల ఓడల్ని వదిలేసి నచ్చనివాళ్లవి ఆపితే అది దిగ్బంధం నియమాలకి ఒప్పదు. ముందుగా ప్రకటించాలి, ఎక్కడి నుంచి ఎక్కడి దాకానో చెప్పాలి, తటస్థ దేశాల ఓడలు బయటపడటానికి గడువివ్వాలి. నౌకా యుద్ధ నిపుణులూ న్యాయ నిపుణులూ కలిసి 1994లో శాన్ రెమో మాన్యువల్‌లో వీటన్నిటినీ ఒకచోట పెట్టారు. జనాన్ని ఆకలితో మాడ్చడమే ఏకైక ఉద్దేశమైతే ఆ దిగ్బంధం నిషిద్ధమని కూడా అందులో ఉంది. గాజా గురించి రాసేటప్పుడు ఇవన్నీ ముందు పెట్టుకోవాలి. 2007 నుంచి దారుల దిగ్బంధం, 2009 జనవరిలో ఇజ్రాయెల్ అధికారికంగా ప్రకటించిన సముద్ర దిగ్బంధం, ఇవి రెండు వేరు సంగతులు. ఒకే వాక్యంలో కలిపేస్తే చదివేవాడికి ఏదీ అర్థం కాదు.

ఆకలి గురించి ఎందుకు ఇంత పట్టుదల అంటే, దిగ్బంధం మొదట తగిలేది సైన్యానికి కాదు, వంటింటికి. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ నౌకాదళం జర్మనీకి సముద్రం మూసేసింది. 1916-17 చలికాలంలో బంగాళాదుంపల పంట దెబ్బతిని, అక్కడి జనం పశువుల మేతకి వేసే దుంపలు తిని బతికారు. 1918 నవంబరు 11న కాల్పులు ఆగాయి. దిగ్బంధం మాత్రం 1919 జులైలో గానీ పూర్తిగా తొలగలేదు, శాంతి ఒప్పందాన్ని జర్మనీ ఆమోదించేదాకా. అందుకే ‘యుద్ధం ముగిసింది, దిగ్బంధం ముగిసింది’ అని ఊహించి రాయకూడదు. ఎత్తేశారా లేదా అన్నది విడిగా చూసుకోవాలి.

మన వంటింటి దాకా వచ్చిన సంగతీ ఉంది. 2022 ఫిబ్రవరి తర్వాత నల్లసముద్రంలో ఉక్రెయిన్ రేవులు మూతపడ్డాయి. అప్పట్లో మనకి వచ్చే పొద్దుతిరుగుడు నూనెలో చాలా భాగం అక్కడిదే. చిక్కడపల్లిలో మా వీధి కిరాణా కొట్టాయన ‘మనిషికి రెండు ప్యాకెట్లే అక్కా’ అన్నాడు. జులైలో ఇస్తాంబుల్‌లో ధాన్యం ఒప్పందం కుదిరి ఓడలు కదిలాయని నేను వార్త చదివి చెబితే, ‘అయితే ఇంకో ప్యాకెట్ తీసుకోండి’ అన్నాడు.

పేరు మార్చి చేసే పనులు

1962 అక్టోబరులో సోవియట్ క్షిపణులు క్యూబాలో ఉన్నాయని తెలిశాక అమెరికా అధ్యక్షుడు కెనడీ ఆ ద్వీపం చుట్టూ ఓడలు నిలబెట్టాడు. చేసింది దిగ్బంధమే. కానీ ఆ మాట అంటే యుద్ధం ప్రకటించినట్టు. అందుకని టీవీలో ‘క్వారంటైన్’ అన్నాడు. పాత పేపర్లలో దీన్ని మనవాళ్లు రకరకాలుగా తెనిగించారు. 2020 తర్వాత ఆ మాట మనకి అనువదించక్కర్లేకుండా పోయింది గానీ, ఇప్పుడు ‘క్యూబాను క్వారంటైన్ చేసిన కెనడీ’ అని రాస్తే పిల్లలు మాస్కులు గుర్తుచేసుకుంటారు. ‘కెనడీ క్వారంటైన్ అని పేరు పెట్టిన నౌకా దిగ్బంధం’ అని విప్పి రాయండి. అతను పెట్టిన పేరూ, జరిగిన పనీ రెండూ వచ్చేస్తాయి.

లింకన్‌కి దీనికి తలకిందులు చిక్కు వచ్చింది. 1861 ఏప్రిల్‌లో, విడిపోతామన్న అమెరికా దక్షిణాది రాష్ట్రాల తీరానికి దిగ్బంధం ప్రకటించాడు. ‘వాళ్లు తిరుగుబాటుదారులు, అది మా దేశమే’ అంటూనే, దేశాల మధ్య యుద్ధంలో వాడే మాట వాడాడు. వెంటనే బ్రిటన్ ‘అయితే ఇది రెండు పక్షాల యుద్ధమన్నమాట, మేం తటస్థం’ అంది. ఒక్క మాటతో అవతలివాళ్లకి ఒక హోదా వచ్చింది. ఆ దిగ్బంధం వల్ల అమెరికా పత్తి ఆగిపోయి మన దేశంలో పత్తి ధరలు ఆకాశానికి ఎగబాకాయి.

ఇంత దూరం ఎందుకు, మన ఊరి సంగతే చూడండి. 1947 నవంబరు 29న నిజాంకీ భారత ప్రభుత్వానికీ యథాతథ ఒప్పందం కుదిరింది. 1948 వేసవికల్లా అది చెడిపోయింది. సరిహద్దుల్లో సరుకులు ఆపేస్తున్నారని, మందులూ పెట్రోలూ ఉప్పూ రావడంలేదని, ఇది ఆర్థిక దిగ్బంధమని హైదరాబాద్ ప్రభుత్వం గోల పెట్టింది. దిగ్బంధం ఏమీ లేదని ఢిల్లీ అంది. ఆగస్టులో నిజాం ప్రభుత్వం భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. హైదరాబాద్ సంస్థానానికి సముద్రం లేదు, నలువైపులా ఇండియానే. దిక్కులు కట్టేయడం అనే మాట అంతకన్నా అచ్చంగా సరిపోయే చోటు ఉండదు. మిగిలిన దిక్కు ఆకాశం ఒక్కటే. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు (గోదావరి కాటన్ దొర కాదు, ఈయన వేరు) కరాచీ నుంచి విమానాల్లో ఆయుధాలు తెచ్చి దింపింది అందుకే.

మా నాయనమ్మది నల్గొండ దిక్కు పల్లెటూరు. రజాకార్ల గురించి అడిగితే చాలా చెప్పేది. ఆ ఏడు ఎండాకాలం గురించి అడిగితే మాత్రం ఒకటే అనేది: ‘ఉప్పు దొరకలే బిడ్డా. ఉప్పులేని గట్క తాగినం.’ దిగ్బంధం అన్న మాట ఆమెకి తెలియదు. ఢిల్లీ ఉందందో లేదందో కూడా తెలియదు.

సెప్టెంబరు 13న సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోతున్నట్టు రేడియోలో చెప్పాడు. దానికి పెట్టిన పేరు చూశారా? పోలీస్ యాక్షన్. ట్యాంకులతో వచ్చిన సైన్యానికి పోలీసు పేరు. కెనడీ క్వారంటైన్‌కి ఇది పధ్నాలుగేళ్లు పెద్దది. రాసేటప్పుడు రెండు పేర్లూ ఇవ్వాలని నేను అనేది ఇందుకే. పోలీస్ యాక్షన్ అన్నది జనం నోట్లో స్థిరపడిన పేరు, తీసేయలేం. పక్కన ‘సైనిక చర్య’ అని ఒక్కసారైనా రాయాలి.

సరిగ్గా అదే వేసవిలో బెర్లిన్‌లో కూడా ఇదే. 1948 జూన్ 24న సోవియట్ సైన్యం, చుట్టూ తన ఆధీనంలోని నేలే ఉన్న పశ్చిమ బెర్లిన్‌కి రోడ్లు, రైళ్లు, కాలువలు మూసేసింది. అక్కడా మిగిలిన దిక్కు ఆకాశమే. అమెరికా, బ్రిటన్ విమానాలు బొగ్గు, పిండి, పాలపొడి మోశాయి. మొత్తం మీద దాదాపు 23 లక్షల టన్నులు. 1949 మే 12న దిగ్బంధం ఎత్తేశారు. ఇలాంటి విమాన రవాణాకి తెలుగులో ‘వాయుమార్గ సరఫరా’ చాలు. ‘విమాన వంతెన’ అని కొందరు రాస్తారు, చదివేవాడు ఫ్లైఓవర్ అనుకుంటాడు.

పేరే పెట్టని దిగ్బంధాలూ ఉంటాయి. 2015 సెప్టెంబరులో నేపాల్ కొత్త రాజ్యాంగం మీద అక్కడి దక్షిణ మైదానాల్లో ఉండే మధేసీలు ఆందోళనకి దిగాక సరిహద్దులో లారీలు ఆగిపోయాయి. గ్యాస్, పెట్రోల్ లేక కాఠ్‌మాండూలో కట్టెల పొయ్యిలు వెలిగించారు. ఇది ఇండియా దిగ్బంధమని నేపాల్, కాదు మీ దేశంలో ఆందోళన వల్లేనని ఇండియా. 2016 ఫిబ్రవరి దాకా సాగింది. ఇలాంటప్పుడు ‘అప్రకటిత దిగ్బంధం’ అని నేపాల్ అంటోందని, ఇండియా ఒప్పుకోవడంలేదని, లారీలు మాత్రం నిలిచిపోయి ఉన్నాయని మూడూ రాయాలి. నేను అప్పుడు ఆ మూడో వాక్యం చివర్లో పెట్టాను. ఇప్పుడైతే మొదట పెడతాను.

రెండూ కలిసిపోయినప్పుడు

గోల్కొండ ఎక్కిన ప్రతివాళ్లకీ గైడు చప్పట్లు కొట్టి చూపిస్తాడు. 1687 గురించి అడిగితే ‘ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించాడు’ అంటాడు. నిజమే, ముట్టడే. ఫిరంగులు పెట్టారు, సొరంగాలు తవ్వారు, గోడలెక్కబోయి చచ్చారు. అది కుదరకపోయేసరికి కోట చుట్టూ కర్రలతో, మట్టితో ఇంకో గోడ కట్టించి, లోపలికీ బయటికీ రాకపోకలు ఆపేశాడు. అదిగో, అక్కడ ముట్టడిలో దిగ్బంధం కలిసింది. తమాషా ఏమిటంటే ఆ వానాకాలంలో ఆకలితో, రోగాలతో బయట ఉన్న మొగలు సైన్యమే అల్లాడిపోయింది. చివరికి కోట ఆకలితో లొంగలేదు, ఫిరంగులకీ లొంగలేదు. సెప్టెంబరులో ఒక రాత్రి లోపలివాడు లంచం తిని తలుపు తీశాడు.

రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు చుట్టుముట్టిన లెనిన్‌గ్రాడ్‌ది కూడా ఈ బాపతే. 872 రోజులు. రష్యన్లు దాన్ని ‘బ్లొకాదా’ అంటారు, మనం ముట్టడి అంటున్నాం. 1941 చలికాలంలో ఒక దశలో పనిలో లేనివాళ్లకి రోజుకి 125 గ్రాముల రొట్టె ఇచ్చారు. లదోగా సరస్సు గడ్డకడితే దాని మీదుగా లారీలు నడిపి కొంత ధాన్యం తెచ్చారు. ఫిరంగుల సంగతి చెబుతున్నప్పుడు ముట్టడి అని, ఆ 125 గ్రాముల సంగతి చెబుతున్నప్పుడు దిగ్బంధం అని రాస్తే తప్పులేదు. ఒకే వ్యాసంలో రెండు మాటలూ ఉండొచ్చు.

మన రోడ్ల మీద

ఇక్కడ ఓడలుండవు కాబట్టి తూకం వేరు. హైదరాబాద్‌లో పనిచేసే విలేకరికి ఇంకే ఊరివాళ్లకీ లేనన్ని మాటలున్నాయి, సగం ఉర్దూ చలవ.

రోడ్డు మీద కూర్చుని బండ్లు ఆపితే రాస్తారోకో. పట్టాల మీద అయితే రైల్ రోకో. కూర్చుని డిమాండ్ చేస్తే ధర్నా, దారికి అడ్డం లేకపోయినా ధర్నాయే. షాపులు మూయిస్తే బంద్. 1997లో కేరళ హైకోర్టు బంద్ చెల్లదంది, సుప్రీంకోర్టు సమర్థించింది, ఆ తర్వాత కొన్ని చోట్ల అదే పనికి హర్తాళ్ అని పేరు మారింది. మళ్లీ పేరు మార్పు! ఒక ఆఫీసు మీదికి గుంపుగా పోతే ముట్టడి. ‘అసెంబ్లీ ముట్టడి’ అని పిలుపు ఇస్తారు, లక్డీకాపూల్ దగ్గరే ఆపేస్తారు. అప్పుడు ‘ముట్టడి’ కాదు, ‘ముట్టడి యత్నం’. ముట్టలేదు కదా. ఒక అధికారిని గదిలోంచి కదలనివ్వకపోతే ఘెరావ్.

మరి రోడ్డు మీద దిగ్బంధం అనే మాటకి చోటెక్కడ? ఒక్క రోడ్డుకి అడ్డం కూర్చుంటే కాదు. 2013 మార్చిలో తెలంగాణ కోసం బెంగళూరు హైవే మీద చేసిన సడక్ బంద్ లాంటిదాన్ని ‘రహదారి దిగ్బంధం’ అంటే ఒప్పుతుంది, ఎందుకంటే ఒక చౌరస్తా కాదు, దారి మొత్తాన్నీ మూయాలన్నది అక్కడ ఉద్దేశం. 2011లో రోడ్ల మీద పొయ్యిలు పెట్టి వండుకు తిన్న వంటా వార్పుకి మాత్రం ఆ పేరే ఉంచాలి. దానికి ఇంకో మాట వెతికితే వాసన పోతుంది.

పోలీసులు రాత్రిపూట బారికేడ్లు పెట్టి బండ్లు ఆపి చూసేది నాకాబందీ. ఉర్దూ పేపర్లలో బెర్లిన్ దిగ్బంధానికీ అదే మాట, ముట్టడికి ముహాసిరా. పాతబస్తీలో ఉర్దూ పత్రికలో పనిచేసే నా స్నేహితురాలు ‘మీరు రెండు దిక్కులు కట్టడానికి పెద్ద సంస్కృతం వాడతారు, మాకు చెక్‌పోస్టుకీ ప్రపంచయుద్ధానికీ ఒకే మాట’ అని ఏడిపించేది. బస్తీ చుట్టూ నిలబడి ఇల్లిల్లూ వెతికితే కార్డన్ సెర్చ్, తెలుగులో ‘నిర్బంధ తనిఖీలు’ అని స్థిరపడింది. దీన్ని దిగ్బంధం అనకండి, తెల్లారేసరికి వెళ్లిపోతారు.

నీళ్లు కట్టేసినప్పుడు

తెలుగువాళ్లు ఈ మాటని అన్నిటికన్నా ఎక్కువ వాడేది యుద్ధానికి కాదు, వరదకి. జలదిగ్బంధం. గోదావరి లంక గ్రామాల గురించి ఏటా వానాకాలంలో చదువుతాం. ఇందులో శత్రువు లేడు, ప్రకటన లేదు, అయినా మాట అతికినట్టు సరిపోయింది. ఇంగ్లిష్‌కి ఇంత చక్కటి మాట లేదు, వాళ్లు నాలుగు మాటలు వాడాలి.

కానీ మోకాలి లోతు నీళ్లు నిలిచిన ప్రతి రోడ్డూ జలదిగ్బంధం కాదు. 2020 అక్టోబరు 13 రాత్రి వాన తర్వాత టోలిచౌకిలో నదీం కాలనీలో పడవలు తిరిగాయి. సరూర్‌నగర్ చెరువు పక్కన మా చెల్లెలి ఇల్లు. కింది అంతస్తు మునిగి మెట్ల దాకా నీళ్లు. కరెంటు లేదు. ఫోన్‌లో ఛార్జింగ్ పోతుందని రోజుకి ఒక్కసారే చేసేది. ‘అక్కా, పిల్లాడికి పాలపొడి రెండు చెంచాలుంది’ అంది. మూడో రోజు ఎవరో కుర్రాళ్లు ట్యూబులకి చెక్క కట్టుకుని వచ్చి పాలూ బ్రెడ్డూ తాడుతో పైకి పంపారు. అది జలదిగ్బంధం. లోపలికి ఏదీ రాలేదు, బయటికి ఎవరూ పోలేకపోయారు. ఆ రెండూ ఉంటేనే రాయండి. అండర్‌పాస్ కింద బస్సు ఆగిపోతే ‘నీటిలో చిక్కుకున్న బస్సు’ అంటే చాలు.

క్రియలు, చిన్నా చితకా

దిగ్బంధం విధిస్తారు, కొనసాగిస్తారు, సడలిస్తారు, ఎత్తేస్తారు. చేసేవాడి వైపు నుంచి ఇవి. అవతలివాడు ఛేదిస్తాడు. లోపలివాళ్లు దిగ్బంధంలో చిక్కుకుంటారు, మగ్గుతారు. ముట్టడి విధించరు, ముట్టడిస్తారు. ‘దిగ్బంధం తొలగించారు’ అంటే చెత్త తీసినట్టుంటుంది, ‘ఎత్తివేత’ బాగుంటుంది. రాత్రిపూట దొంగచాటుగా దాటే ఓడలకి ఒక్క మాట కోసం తంటాలు పడొద్దు, ‘దిగ్బంధాన్ని దాటుకొచ్చిన ఓడ’ అనండి. విమానాలు ఎగరకూడదనడం గగనతల నిషేధం, అది వేరు.

ఇంట్లో, ఫోన్‌లో, ఆస్పత్రిలో మాత్రం ‘బ్లాక్’ అన్నదే రాజ్యమేలుతోంది. మరదల్ని వాట్సాప్‌లో బ్లాక్ చేశారు, మామయ్య గుండెలో రెండు బ్లాకులున్నాయి, సింక్ బ్లాక్ అయింది. వీటిని తెనిగించే పని పెట్టుకోకండి. ‘రక్తనాళాల్లో పూడిక’ ఒక్కటి మంచి మాట, డాక్టర్లు కూడా వాడుతున్నారు. ఒక జాగ్రత్త: నల్లబజారు బ్లాకూ, అడ్డుపడే బ్లాకూ మన లిపిలో ఒకేలా ఉంటాయి. ‘బ్లాక్ టికెట్లు’ అని హెడ్డింగ్ పెడితే టికెట్లు ఆపేశారా, ఎక్కువకి అమ్మారా అని చదివేవాడు బుర్ర గోక్కోవాలి. ‘బ్లాక్‌లో టికెట్లు’ అనండి.

మనిషి అడ్డుపడితే మనకి సైంధవుడున్నాడు. పద్మవ్యూహంలో అభిమన్యుడు ముందుకి పోయాక వెనకాలే వస్తున్న పాండవుల్ని మొగలోనే ఆపేశాడు. అభిమన్యుడిని చంపింది లోపలివాళ్లే, కానీ సాయం రాకుండా చేసింది బయట నిలబడ్డవాడు. ‘ప్రాజెక్టుకు సైంధవుడిలా అడ్డుపడుతున్నారు’ అని నాయకులు ఒకరినొకరు తిట్టుకునేటప్పుడు దిగ్బంధం సిద్ధాంతం మొత్తం చెప్పేస్తున్నారని వాళ్లకి తెలియదు.

నిన్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో సెక్రటరీ గారు ఫొటో పెట్టారు. ఎవరిదో తెల్ల కారు గేటుకి అడ్డంగా ఉంది. కింద ‘గేటు దిగ్భంధం!! ఓనర్ వెంటనే రాగలరు’ అని. ‘అందులో భ కాదండీ, బ. అయినా వెనక గేటు తెరిచే ఉంది, కాబట్టి దిగ్బంధం కూడా కాదు, అడ్డం అంటే చాలు’ అని పెట్టాను. పదకొండు మంది నవ్వు బొమ్మలు పెట్టారు. కారు మాత్రం సాయంత్రం దాకా అక్కడే ఉంది.